పొగ ఒకరి ఫైలు, ఎండ మరొకరి ఫైలు: రాష్ట్ర అధికారులకు బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వంలో పర్యావరణం, పురపాలన, వ్యవసాయం, ఇంధనం, కార్మిక సంక్షేమం, విపత్తుల నిర్వహణ బాధ్యతలు చూస్తున్న ముఖ్య కార్యదర్శులకు, కమిషనర్లకు, జిల్లా కలెక్టర్లకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ఉత్తర తెలంగాణలోని ఒక పురపాలక పట్టణంలో ఉంటున్న విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుణ్ణి. మా కాలనీకి ఆనుకొని ఉన్న డంపింగ్ యార్డు ఏటా శివరాత్రి దాటినప్పటి నుంచి మృగశిర కార్తె వచ్చే దాకా ఏదో ఒక మూల కాలుతూనే ఉంటుంది. కాలనీవాసులం సంతకాలు చేసి సంబంధిత కార్యాలయాలన్నింటికీ వినతిపత్రాలు ఇచ్చాం, ప్రజావాణిలోనూ చెప్పుకున్నాం. మూడు జవాబులు వచ్చాయి. చెత్త చూసే కార్యాలయం, దిబ్బకు ఎవరూ నిప్పు పెట్టడం లేదనీ, ఎండకు దానంతటదే అంటుకుంటోందనీ చెప్పింది. గాలి చూసే కార్యాలయం, తమ కొలత కేంద్రం దగ్గర గాలి పరిమితులకు లోబడే ఉందని రాసింది. ఆ కేంద్రం మా పట్టణంలో లేదు. ఎండల సంగతి చూసే కార్యాలయం, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు సిద్ధంగా ఉన్నాయనీ, మధ్యాహ్నం బయట తిరగవద్దనీ సలహా ఇచ్చింది.

మూడు జవాబులూ మర్యాదగానే ఉన్నాయి. మూడింటినీ ఒకచోట పెట్టి చదివిన అధికారి మాత్రం లేరు. ఉండి ఉంటే, మొదటి జవాబులోనే అసలు విషయం బయటపడేది. తడి చెత్త గాలి తగలకుండా లోపల కుళ్లినప్పుడు మీథేన్ పుడుతుంది, అది మండే వాయువు. దిబ్బ ఎండకు రగులుకుంటోందంటే లోపల మీథేన్ పుడుతోందనే అర్థం. అదే మీథేన్ మండకుండా పైకి పోయినప్పుడు, ఇరవై ఏళ్ల కాలాన్ని లెక్కలోకి తీసుకుంటే, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే ఎనభై రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. అంటే ఎండ దిబ్బను రగిలిస్తోంది, దిబ్బ ఎండను పెంచుతోంది. మీ శాఖలు ఈ ఒక్క వ్యవహారాన్ని వేర్వేరు ఫైళ్లుగా చీల్చి, ప్రతి ఫైలునూ విడివిడిగా సక్రమంగా ముగిస్తున్నాయి. ఈ లేఖ మా దిబ్బతో మొదలైనా, అడిగేది మాత్రం ఆ చీలికను సరిచేయమని.

తర్వాతి అంశాలకు ఆధారం కనుక, ఏళ్ల తరబడి ఇంటర్మీడియట్ తరగతుల్లో చెప్పిన పాఠాన్ని కొద్ది మాటల్లో చెబుతాను. సూర్యకాంతి గాలిని దాటి నేలను వేడెక్కిస్తుంది. నేల ఆ శక్తిని పరారుణ కిరణాలుగా తిరిగి పైకి పంపుతుంది. గాలిలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లున్న నత్రజని, ఆక్సిజన్‌లు ఈ కిరణాలను దాదాపుగా అడ్డుకోవు. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్, ఓజోన్, నైట్రస్ ఆక్సైడ్ మాత్రం వాటిని పీల్చుకొని కొంత వేడిని మళ్లీ నేల వైపే పంపుతాయి. ఈ హరితగృహ ప్రభావమే లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత ఇప్పుడున్న 15 డిగ్రీల దగ్గర కాక సున్నాకు దిగువన 18 డిగ్రీల దగ్గర ఉండేది. కాబట్టి ఆ ప్రభావం తనంతట తాను కీడు కాదు, దాన్ని మనం పెంచుతూ పోవడమే కీడు. ఈ వాయువులు వేడిని పట్టి ఉంచుతాయని జాన్ టిండాల్ 1859లోనే ప్రయోగశాలలో చూపించారు. బొగ్గు కాల్చడం వల్ల భూమి వేడెక్కగలదని స్వాంటే అరీనియస్ 1896లో లెక్క కట్టారు. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లుగా ఉన్న కార్బన్ డయాక్సైడ్, 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవా మీద కొలతలు మొదలైనప్పుడు 315 దగ్గర ఉంది. ఇప్పుడు 420 దాటింది. 2024 సంవత్సరం 1850–1900 నాటి సగటు కంటే సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువ వేడిగా గడిచిందని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది.

గాలి కాలుష్యానికీ దీనికీ ఉన్న సంబంధం దగ్గరే మన పాలనా వ్యవస్థ తడబడుతోంది. ఒకే పొయ్యి నుంచి, ఒకే గొట్టం నుంచి మూడు తరగతుల పదార్థాలు వెలువడతాయి. కార్బన్ డయాక్సైడ్ ముక్కుకు తెలియదు, కంటికి కనిపించదు, కానీ దానిలో గణనీయమైన భాగం వందల ఏళ్లు గాలిలో నిలిచి వేడిని పేరుస్తుంది. రెండో తరగతిలోనివి అల్పాయుష్షువి: నల్ల మసి రోజులు, వారాలు మాత్రమే ఉంటుంది, మీథేన్ పన్నెండేళ్ల చుట్టూ ఉంటుంది, వాహనాల పొగ, మీథేన్ వంటివి ఎండలో కలిసి చర్య జరిపినప్పుడు నేలమట్టంలో పుట్టే ఓజోన్ కొన్ని వారాలు ఉంటుంది. ఇవి ఉన్నన్నాళ్లూ భూమిని గట్టిగా వేడెక్కిస్తాయి. వీటిలో మసి, ఓజోన్‌లు నేరుగా ఊపిరితిత్తులనూ దెబ్బతీస్తాయి. మూడోది, బొగ్గులోని గంధకం కాలి పుట్టే సల్ఫేటు కణాలు. ఇవి సూర్యకాంతిని వెనక్కి పంపి తాత్కాలికంగా చల్లబరుస్తాయి, కానీ గుండెకూ ఊపిరితిత్తులకూ హాని చేస్తాయి.

ఇప్పుడు మన చట్టం ఏం కొలుస్తోందో చూడండి. 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టం కింద 2009లో ప్రకటించిన జాతీయ ప్రమాణాల్లో పన్నెండు కాలుష్యాలున్నాయి. వాటిలో కార్బన్ డయాక్సైడ్ లేదు, మీథేన్ లేదు. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం లక్ష్యాలన్నీ ధూళి కణాల చుట్టూనే ఉన్నాయి. ఆ కార్యక్రమంలో మన రాష్ట్రం నుంచి హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి ఉన్నాయి. బొగ్గు గనులూ, థర్మల్ కేంద్రాలూ ఉన్న రామగుండం లేదు. కొలవనిదానికి బాధ్యులు ఉండరు కదా.

ఈ చీలిక వల్ల సామాన్యుల మీద పడుతున్న భారాన్ని వరుసగా విన్నవిస్తున్నాను.

1. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి అధికారిక లెక్కల్లోనే దాదాపు రెండు వేల మంది చనిపోయారు. అంతకు ముందు 2003లోనూ ఉమ్మడి రాష్ట్రం ఇలాంటి విషాదాన్నే చూసింది. చనిపోయినవారిలో ఎక్కువ మంది ఎండలో పని మానలేనివారు. ఉపాధి హామీ పనులు ముమ్మరంగా సాగేది వేసవిలోనే. తునికాకు సేకరణ జరిగేది ఏప్రిల్, మే నెలల్లోనే. ఓపెన్‌కాస్ట్ గనిలో నల్లటి బొగ్గు పొర మధ్య షిఫ్టు చేసే కార్మికుడికి నీడ ఉండదు. మధ్యాహ్నం బయటికి వెళ్లవద్దన్న సలహా ఇంట్లో కూర్చోగలిగినవారికి మాత్రమే పనికొస్తుంది. వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు ఇచ్చే సాయాన్ని 2025 ఏప్రిల్‌లో నాలుగు లక్షల రూపాయలకు పెంచినందుకు ప్రభుత్వానికి కృతజ్ఞతలు. అయితే ఆ సాయం మనిషి పోయిన తర్వాతది. పైగా ఇంట్లో రాత్రిపూట గుండె ఆగి చనిపోయిన వృద్ధురాలి మరణాన్ని వడదెబ్బ ఖాతాలో నిరూపించడం ఆ కుటుంబానికి ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు.

2. పగటి ఎండ గురించే అందరూ మాట్లాడతారు గానీ మనుషులను కుంగదీసేది రాత్రి వేడి. హరితగృహ వాయువులు నేల నుంచి పైకి పోవాల్సిన వేడిని రాత్రివేళ కూడా అడ్డుకుంటాయి కాబట్టి శరీరం తేరుకునే సమయం తగ్గిపోతుంది. రేకుల ఇళ్లలో ఇది మరింత దుర్భరం. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లు రేకు కప్పు కింద, తంబాకు ఎగిరిపోతుందని ఫ్యాను కూడా ఆపుకొని పని చేస్తారు. వారి కూలి చుట్టిన బీడీల లెక్కనే కాబట్టి, వేడికి చెయ్యి నెమ్మదించిన ప్రతి గంటా వారి జేబులోంచే పోతుంది. ఈ నష్టం ఏ ప్రభుత్వ పట్టికలోనూ నమోదు కాదు. కలిగినవారు కూలర్లు, ఏసీలు పెట్టుకుంటారు. దానితో కరెంటు వాడకం పెరుగుతుంది. ఆ కరెంటు కోసం మరింత బొగ్గు కాలుస్తారు. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయడానికి సుమారు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. సింగరేణి 2023–24లో తవ్విన బొగ్గు సుమారు ఏడు కోట్ల టన్నులు. మన బొగ్గు ఒక టన్ను కాలితే దాదాపు ఒకటిన్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుందన్నది దీనికి జోడించి చదవాలి.

3. పొగ విషయంలో దేశం పెట్టుకున్న ప్రమాణమే ఉదారమైనది. సన్నని ధూళి కణాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు కాగా మన పరిమితి 40. ఈ కణాలు రక్తంలోకి చేరి గుండెపోటు, పక్షవాతం ముప్పును పెంచుతాయి. ఎండా పొగా కలిసిన రోజున గుండె జబ్బు ఉన్నవారికి ముప్పు మరింత పెరుగుతుంది. ఓజోన్ ఎక్కువగా తయారయ్యేది కూడా ఎండ బాగా కాసే రోజునే. డంపింగ్ యార్డు పక్క ఇంటి పసిపిల్లకు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దగ్గును తగ్గించదు.

4. రైతు మీద పడే దెబ్బ అన్ని వైపుల నుంచీ ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. అందువల్ల కురిసినప్పుడు కుండపోతగా కురిసే అవకాశం పెరుగుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ఇళ్లను ముంచిన తీరు మీరు చూశారు. దానికి నాలాల ఆక్రమణలు, కట్టల బలహీనత వంటి కారణాలూ ఉన్నాయి, అన్నీ వాతావరణం మీదికి నెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రంలో కుప్పపోసి, తూకం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో పడే అకాల వాన వేడెక్కిన గాలిలో మరింత జోరుగా పడగలదని రైతుకు ఎవరూ చెప్పడం లేదు. టార్పాలిన్లు చాలడం లేదని మాత్రం ప్రతి ఏడూ వార్త వస్తుంది. మరోవైపు నేలమట్టపు ఓజోన్ ఆకులను దెబ్బతీసి దిగుబడిని తగ్గిస్తుంది.

ఇదే రైతు పొలం నుంచి కూడా వేడి పెంచే వాయువులు వస్తాయి. నిరంతరం నీరు నిలిచిన మడిలో మీథేన్ పుడుతుంది. హార్వెస్టరుతో కోసిన తర్వాత మిగిలిన కొయ్యకాళ్లనూ గడ్డినీ కాల్చితే మసి పుడుతుంది, నేలలోని సత్తువా పోతుంది. దీనికి రైతును దోషిగా నిలబెట్టడం అన్యాయం. యాసంగి కోతకూ వానాకాలం దుక్కికీ మధ్య వ్యవధి తక్కువ, కూలీలు దొరకరు, గడ్డిని చుట్టకట్టే యంత్రం అద్దె భరించలేనిది. అగ్గిపుల్ల ఖర్చు మాత్రం అందరికీ అందుబాటులో ఉంది. వరి విస్తీర్ణం ఇంతగా పెరిగిన రాష్ట్రంలో ఆ యంత్రాల గురించి ఆలోచించవలసింది విస్తీర్ణాన్ని ప్రోత్సహించిన ప్రభుత్వమే.

ఈ సందర్భంలో తరచూ వినిపించే రెండు వాదనలకు సమాధానం చెప్పకుండా ముందుకు పోలేను. భారతీయుడి తలసరి కార్బన్ డయాక్సైడ్ ఏడాదికి రెండు టన్నుల చుట్టూ మాత్రమే ఉందనీ, అది ప్రపంచ సగటులో సగం కంటే తక్కువనీ, కాబట్టి భారమంతా ధనిక దేశాలదేననీ అంటారు. ధనిక దేశాల చారిత్రక బాధ్యత విషయంలో నాకు భిన్నాభిప్రాయం లేదు. అయితే మసి ఎక్కడ పుడితే ముందుగా అక్కడివారి ఊపిరితిత్తులనే పట్టుకుంటుంది. దాన్ని తగ్గిస్తే ఫలితం కూడా అక్కడే, కొన్ని వారాల్లోనే కనిపిస్తుంది. మీథేన్ తగ్గిస్తే భూతాపం మీద ప్రభావం మన పిల్లల కాలంలో కాదు, మన కాలంలోనే తెలుస్తుంది. ఇది ఇతర దేశాలకు చేసే ఉపకారం కాదు.

రెండో వాదన మరింత చిక్కైనది. సల్ఫేటు కణాలు చల్లబరుస్తున్నప్పుడు వాటిని తొలగించడం ఎందుకు అన్నది. ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి కణాలు సుమారు అర డిగ్రీ వేడిని కప్పిపుచ్చుతున్నాయన్నది శాస్త్రజ్ఞుల అంచనా. మన దేశంలో 1901–2018 మధ్య సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలే పెరగడానికీ ఇవి కొంత కారణం. కానీ కప్పి ఉన్న వేడి పోయిన వేడి కాదు. ఆ కణాలు కొద్ది రోజుల్లో వానతో కిందికి దిగిపోతాయి, వాటితోపాటే వెలువడిన కార్బన్ డయాక్సైడ్ తరతరాలు ఉండిపోతుంది. ఈలోగా ఆ కణాలను పీల్చినవారు జబ్బుపడతారు. కాబట్టి గంధకాన్నీ బొగ్గునూ కలిపి తగ్గించాలన్నదే దీని నుంచి తేలే పాఠం. థర్మల్ కేంద్రాల గంధకానికి 2015 డిసెంబరులో కేంద్రం పరిమితులు పెట్టింది, గడువులను మళ్లీ మళ్లీ పొడిగించింది, చివరికి 2025 జులైలో గంధకాన్ని వడగట్టే పరికరాల నిబంధన నుంచి చాలా కేంద్రాలకు మినహాయింపు ఇచ్చింది. గొట్టం కింద నివసించేవారిని అడిగి తీసుకున్న నిర్ణయంలా ఇది కనిపించదు. కొత్త థర్మల్ కేంద్రాలు కడుతూ వేసవి ప్రణాళికలో చలివేంద్రాలు పెంచడం, కుండ కింద మంట ఎగదోస్తూ మూత మీద నీళ్లు చల్లడమే అవుతుంది.

వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం పౌరుల హక్కు అనీ, దానికి రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలు ఆధారమనీ సుప్రీంకోర్టు 2024లో ఎం.కె. రంజిత్‌సింహ్ కేసులో గుర్తించింది. ఆ హక్కు పేరునే కింది డిమాండ్లను మీ ముందుంచుతున్నాం.

1. రాష్ట్రంలోని ప్రతి డంపింగ్ యార్డులో మీథేన్‌ను కొలిచి, వివరాలను బహిరంగపరచాలి. అగ్నిప్రమాదాల రిజిస్టరు నిర్వహించాలి. ఆరుబయట చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున అయితే 25,000 రూపాయలు పరిహారం విధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది. వీధి ఊడ్చే కార్మికురాలి మీద కాక, దిబ్బను అలా వదిలేసిన సంస్థ మీద దాన్ని అమలు చేయాలి. అన్నింటికంటే ముఖ్యంగా తడి చెత్త దిబ్బకు చేరకముందే ఎరువుకో బయోగ్యాస్‌కో మళ్లాలి. అది జరగనంత కాలం మంటలార్పే ట్యాంకర్ల మీద పెట్టే ఖర్చంతా వృథాయే.

2. రామగుండం, మంచిర్యాల, కొత్తగూడెం, మణుగూరు వంటి బొగ్గు ప్రాంతాల్లోనూ పురపాలక పట్టణాల్లోనూ నిరంతరం గాలిని కొలిచే కేంద్రాలు పెట్టి, ఫలితాలను ఏ రోజుకారోజు తెలుగులో ప్రదర్శించాలి.

3. కేంద్రం మినహాయింపు ఇచ్చినా, రాష్ట్ర సంస్థల ఆధీనంలోని థర్మల్ కేంద్రాలు 2015 పరిమితులను స్వచ్ఛందంగా పాటించేలా ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. పాత యూనిట్లను ఏ సంవత్సరంలో మూస్తారో, అక్కడి కాంట్రాక్టు కార్మికులకు ఏ పని చూపుతారో కలిపే ప్రకటించాలి. కార్మికుల సంగతి తేల్చకుండా మూసివేత గురించి మాట్లాడితే మేమే వ్యతిరేకిస్తాం.

4. యాసంగి కోతలకు ముందే ప్రాథమిక సహకార సంఘాల్లో గడ్డి చుట్టకట్టే యంత్రాలను చిన్న రైతు భరించగల అద్దెకు ఉంచాలి. వరి మడిలో నీటిని నిరంతరం నిలపకుండా మధ్యమధ్య ఆరనిచ్చే ఆరుతడి పద్ధతికి శిక్షణతోపాటు కాలువ నీటి వంతుల హామీ ఇవ్వాలి; నీరు మళ్లీ వస్తుందన్న నమ్మకం లేని రైతు మడిని ఆరనివ్వడు. కొయ్యకాళ్లు కాల్చారని చిన్న రైతుల మీద కేసులు పెట్టవద్దు.

5. రాష్ట్ర ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. దాన్ని హైదరాబాద్ భవనాలకు పరిమితం చేయకుండా బీడీ కార్మికుల, వలస కూలీల రేకుల ఇళ్లకు ప్రభుత్వ ఖర్చుతో వర్తింపజేయాలి. వడగాడ్పుల హెచ్చరిక వెలువడిన రోజున మధ్యాహ్నపు ఆరుబయట పనిని నిలిపివేసి, ఆ పూట కూలి కోత లేకుండా చెల్లించేలా కట్టుబాటు గల ఉత్తర్వు తేవాలి. సలహా చాలదు.

6. ప్రతి జిల్లాలో గాలి, చెత్త, సాగు, కరెంటు, ఎండల లెక్కలను ఒకేచోట చూసి, కలెక్టరుకు జవాబుదారీగా ఉండే ఒక అధికారిని నియమించాలి. ఆ లెక్కల నివేదికను ఏటా బడ్జెట్ సమావేశాలకు ముందు శాసనసభ ముందుంచాలి.

ఈ ఆరింటిలో మొదటిదానికీ చివరిదానికీ కొత్త చట్టం అవసరం లేదు, పెద్ద నిధులూ అవసరం లేదు. ఉన్న అధికారాలతో రాబోయే వేసవికి ముందే మొదలుపెట్టవచ్చు. ఏ డిమాండును అంగీకరిస్తున్నారో, దేన్ని ఏ కారణంతో తిరస్కరిస్తున్నారో రెండు నెలల్లోగా లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం. "సంబంధిత శాఖకు పంపడమైనది" అన్న జవాబు మా దగ్గర ఇప్పటికే ఉంది కనుక దాన్ని సమాధానంగా పరిగణించబోము. గడువు దాటితే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు పెట్టి, ఆ కాగితాలతో చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనాన్ని ఆశ్రయిస్తాం.

ఇట్లు,
కాలనీవాసుల తరఫున
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు